టఫెన్డ్ అద్దాల మీద గీతలు పడ్డాయని బిల్లు ఆపేశారు, ఏం చేయాలి?

తిరుపతి_క్లీనింగ్:
అన్నలకు నమస్కారం. నలుగురు కుర్రోళ్లను పెట్టుకుని అద్దాలు తుడిపించే పని చేస్తుంటాను. రేణిగుంట రోడ్డులో ఒక కొత్త లాడ్జి ఒప్పుకున్నాం. బ్రహ్మోత్సవాలకు గదులు తెరవాలని ఓనరు కాంట్రాక్టర్‌ను తరుముతుంటే, ఆయన మమ్మల్ని తరిమాడు. అద్దాల నిండా సిమెంటు చుక్కలు, పుట్టీ, పెయింటు. మేం దిగేటప్పటికి పై అంతస్తులో రెయిలింగ్ వెల్డింగ్ ఇంకా నడుస్తానే ఉంది.

నీళ్లు కొట్టి బాగా నానబెట్టి, కొత్త బ్లేడు వేసిన స్క్రేపర్‌తోనే గీకాం. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేసరికి సైట్ ఇంజనీరు ఒకటే కేకలు. చూస్తే వెంట్రుకల్లాంటి సన్న గీతలు. పద్నాలుగు అద్దాల ఖరీదు బిల్లులో కోస్తారంట. మా కూలి మొత్తం కలిపినా అందులో సగం కూడా రాదు. కింద రిసెప్షన్ వెనక గదుల్లో మామూలు అద్దాలు ఉన్నాయి. వాటిని అదే కుర్రోడు, అదే స్క్రేపర్‌తో చేశాడు, ఒక్క గీత లేదు. పైన ఉన్నవన్నీ టఫెన్డ్, అంటే ఫర్నేస్‌లో వేడిచేసి గట్టిపరిచినవి. ఎవరికైనా ఇట్లా అయిందా?

ఫర్నేస్_మనిషి:
నేను టఫెన్డ్ అద్దాలు తయారుచేసే టెంపరింగ్ ప్లాంటులో పనిచేసినవాణ్ణి. అద్దాన్ని కోసి, అంచులు రుద్దాక శుభ్రంగా కడగాలి. అప్పుడే ఫర్నేస్‌లోకి పోవాలి. కడగడం సరిగ్గా లేకపోయినా, లోపల అద్దాన్ని మోసే రోలర్లు మురికిగా ఉన్నా, గాజు నలుసులు అద్దానికి అంటుకుంటాయి. లోపల వేడి 600 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి అవి అక్కడే అతుక్కుపోతాయి. కంటికి కనపడవు. మీ బ్లేడు వాటిని తెంపి, తనతో పాటు ఈడ్చుకుపోతుంది. గీసేది ఆ నలుసు. మామూలు అద్దం ఈ ఫర్నేస్‌కు పోదు, అందుకే కింద మీకు ఏమీ కాలేదు.

తడి చేసిన అద్దం మీద వేలి గోరు మెల్లగా లాగి చూడండి, గరగరలాడుతుంది. సాధారణంగా రోలర్ తగిలిన వైపే ఇలా ఉంటుంది. బిగించేవాళ్లు ఏ వైపు ఎటో చూడరు కాబట్టి కొన్నిటికి లోపల, కొన్నిటికి బయట గీతలు పడతాయి.

చిత్తూరు_సూపర్‌వైజర్:
అన్నీ ఫ్యాక్టరీ మీదకే నెట్టేస్తే ఎట్లా? స్క్రేపర్‌ను ముందుకు తోసి, అట్లే వెనక్కి లాగే కుర్రోళ్లను నేను రోజూ చూస్తుంటా. వెనక్కి లాగితే బ్లేడు కింద ఇసుక చిక్కుతుంది, ఇసుక అద్దం కంటే గట్టిది. ముందు గీతలు ఎట్లున్నాయో చూడండి. ఒక చుక్క దగ్గర మొదలై బ్లేడు పోయిన వైపే పోతే, పై అన్న చెప్పింది నిజమే. వంకరటింకరగా, లోతుగా ఉంటే ఎవడో పొడిగుడ్డతో ఇసుక రుద్దాడు. అది పెయింటర్లు కూడా చేస్తారు! గోధుమరంగు చుక్కలు ఎంత కడిగినా పోకపోతే అవి వెల్డింగ్, గ్రైండర్ నిప్పురవ్వలు. అద్దంలోకి దిగిపోయి తుప్పు పట్టినవి. వాటికీ మీకూ సంబంధం లేదు.

కొర్లగుంట_అక్క:
తమ్ముడూ, ఇంకా తుడవని అద్దాలు ఏమైనా మిగిలాయా? ఉంటే వాటిని ఎవర్నీ ముట్టుకోనీయవద్దు. నీకు సాక్ష్యం అవే. ఇంజనీరును నిలబెట్టి, ఆయన చేతికే కొత్త బ్లేడు ఇచ్చి, ఒక మూల అరచేయంత మేర గీకమను. వీడియో తీయించు. ఆయన చేతిలోనూ గీత పడితే ఇంక నిన్ను ఏమంటాడు?

ఈ సారికి అది చెయ్యి. నేనైతే టఫెన్డ్ పని ఒప్పుకునే ముందే ఇట్లా ఒక మూల గీకి చూపిస్తా. గీత పడితే, ‘బ్లేడు వాడితే గీతల బాధ్యత మాది కాదు’ అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటా. సంతకం పెట్టనంటే గుడ్డ, నీళ్లు, సబ్బు వరకే మా పని. సిమెంటు మరకలు అట్లే ఉంటాయి, వాళ్ల ఇష్టం. ఇందువల్ల రెండు మూడు పనులు పోయాయి కూడా, పోనీ.

తిరుపతి_క్లీనింగ్:
అక్కా, మెట్ల వైపు అద్దాలు ఇంకా అట్లే ఉన్నాయి. గోరు పెట్టి చూశా, ఫర్నేస్ అన్న చెప్పినట్టే గరగరమంటోంది. గీతలు కూడా చుక్క నుంచే మొదలవుతున్నాయి. ‘రేపటికల్లా అయిపోవాలి, బ్లేడు పెట్టి గీకేయండి’ అని కాంట్రాక్టర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. సోమవారం ఇంజనీరు, అద్దాలు బిగించినాయన ఇద్దరూ వస్తారు. బ్లేడు వాళ్ల చేతికే ఇస్తా.