"పసులున్ విరిగినవి": పసులు ఎలా విరిగాయి?

కొట్టంముంగిలి: చిన్నప్పుడు వేసవి రాత్రుళ్లు పశువుల కొట్టం ముందు మంచాలేసుకుని తాతయ్య చెప్పే కాటమరాజు కథ వినేవాళ్లం. కరువొచ్చి మందల్ని నెల్లూరు సీమకు తోలడం, పుల్లరి అనే మేత పన్ను దగ్గర నెల్లూరు రాజు నల్లసిద్ధితో తగువు, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు యుద్ధం. నల్లసిద్ధి సేనాని ఖడ్గతిక్కన వెనుదిరిగి ఇంటికొస్తే, తల్లి విరిగిన పాలు పోసి ఎత్తిపొడిచిన చోట పద్యం అందుకునేవాడు. చివరి పాదమే గుర్తుంది: "పసులు విరిగినవి తిక్క పాలున్ విరిగెన్". పాలు సరే, పసులు విరగడమేంటి?

కందప్రియ: "పసులున్" అండీ. ఆ నకారం లేకపోతే ఒక మాత్ర తగ్గి కందం చెడుతుంది. అర్థమూ అందులోనే ఉంది. నీవు అసి (కత్తి) వైచి విరిగి వచ్చావు, పసులూ విరిగాయి. అంటే వెనక్కి మళ్లాయి.

మందబాట: మాది ఆవుల ఇల్లు. మంద విరిగిందంటే చెదిరిందని. కానీ ఇక్కడ తల్లి మాట్లాడుతోంది. కొడుకు పిరికితనానికి ఆవులకూ మనసు విరిగి చేపలేదని, అంటే పొదుగుకు పాలు దించలేదని నాకు అనిపిస్తుంది.

కందప్రియ: చేపకపోతే విరగడానికి పాలెక్కడివి?

మందబాట: పొద్దున పితికినవి ఉండవా? పాడి ఉన్న ఇల్లు కదండీ.

విరాటాభిమాని: ఇద్దరూ ఉత్తర గోగ్రహణం మరిచిపోయారు. పసుల కోసం యుద్ధం, సేనను చూసి పారిపోయే ఉత్తరుడు, ఆవుల్ని మళ్లించే అర్జునుడు. ఈ ఖడ్గతిక్కన మన కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు. చాటువు చెప్పినవారి మనసులో విరాటపర్వం ఉందనే నా నమ్మకం. ఉత్తరుడి బెదురును తిక్కన రాసినట్టు ఇంకెవరు రాయగలరు?

మాచర్లవాసి: పుల్లరి మాటొచ్చింది కాబట్టి, అడవిలో పశువులు మేపినందుకు కట్టే ఆ పన్ను మీదే 1921లో పల్నాడు తిరగబడింది. కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చాడు. ఆ మాట మాకు కథలోది కాదు.

కొట్టంముంగిలి: మొదటి పాదాలు కూడా ఎవరైనా పెడతారా?

కందప్రియ: "అసదృశముగ నరివీరులఁ / బసమీఱఁగ గెలువలేక పందక్రియ నీ / వసి వైచి విరిగి వచ్చినఁ"...

విరాటాభిమాని: తెలుగు "పంద"కు సంస్కృత "క్రియ"తో సమాసమా?

కందప్రియ: సమాసం కాదు. పందవలె, అంటే పిరికివాడిలా అని.

విరాటాభిమాని: సమాసం కాకపోతే "ద" గురువెలా అయింది మాస్టారూ? తేలికగా పలికితే మీరన్న మాత్ర ఇక్కడే తగ్గుతుంది.