మాల్టు డ్రమ్ములో అడుగున 65 డిగ్రీలు, పైన 58: పంపు తిరుగుతున్నా వేడి ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న (అనంతపురం)

బేకరీలకు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) పాకం తీసే చిన్న యూనిట్. 50 లీటర్ల స్టీలు డ్రమ్ము, లోపల చిల్లుల పళ్లెం, దాని కింద 3 కిలోవాట్ల హీటర్. బార్లీ మాల్టు 6 కిలోలు, రాగి మాల్టు 2 కిలోలు, నీళ్లు 26 లీటర్లు. మ్యాగ్నెట్ డ్రైవ్ పంపు అడుగు ట్యాపు నుంచి లాగి పైన పోస్తుంది. సెన్సార్ హీటర్ పక్కనే ఉంది. పిఐడి (వేడిని అదుపు చేసే కంట్రోలర్) మీద 65 కదలదు, పైన పుల్ల థర్మామీటర్ పెడితే 58. అరగంటకల్లా మాడు వాసన. గంటన్నరైనా అయోడిన్ చుక్క నల్లబడుతూనే ఉంది, అంటే పిండి ఇంకా చక్కెర కాలేదు. పంపు వాల్వు పూర్తిగా తెరిచే ఉంచాను. హీటర్ మార్చాలా, పంపు మార్చాలా?

జవాబు 1 (కర్నూలు)

రెండూ వద్దన్నా. అడుగున 65 ఉన్న నీళ్లు నిజంగా తిరుగుతుంటే పైన 63 అయినా ఉండాలి. 58 ఉందంటే నీళ్లు తిరగడం లేదు, పంపు ఊరికే శబ్దం చేస్తోంది. పైన పోసే పైపు లీటరు మగ్గులో పెట్టి గడియారం చూడండి. 12 నుంచి 15 సెకన్లలో నిండాలి, అంటే నిమిషానికి 4, 5 లీటర్లు. నిమిషం పడుతోందంటే మాల్టు పొర బిగుసుకుపోయినట్టే.

వాల్వు పూర్తిగా తెరవడమే దీనికి మొదటి కారణం. పంపు గట్టిగా లాగితే మాల్టు అంతా పళ్లెం మీదకి అణిగి చిల్లులు మూసుకుపోతాయి. కింద నీళ్లు ఖాళీ అయి హీటర్ తీగ బయటపడుతుంది. మాడు వాసన అక్కడిదే. మాల్టు వేసి కలిపాక 10 నిమిషాలు పంపు ఆన్ చేయొద్దు, పొర కుదురుకోనివ్వండి. తర్వాత పావు వంతు తెరిచి మొదలుపెట్టి, ఐదేసి నిమిషాలకు కొంచెం కొంచెంగా పెంచండి. వాల్వు పంపు బయటికి తోసే వైపే ఉండాలి. లాగే వైపు బిగిస్తే వేడి నీటిలో బుడగలు పుట్టి పంపు గరగరమంటుంది, ప్రవాహం తెగిపోతుంది. పంపు డ్రమ్ము కన్నా కిందే ఉండాలి, లేకపోతే గాలి పట్టేస్తుంది.

ఒక చిన్న ఏర్పాటు చేయండి, చాలా ఉపయోగపడుతుంది. పళ్లెం కింది నుంచి సన్నని సిలికాన్ గొట్టం తీసి డ్రమ్ము పక్కన నిలువుగా కట్టండి. అందులో నీటి మట్టం డ్రమ్ములో మట్టానికి దగ్గరగా ఉండాలి. 10 సెంటీమీటర్ల పైన దిగిందంటే పొర బిగుస్తోంది. వెంటనే పంపు, హీటర్ ఆపి, పొరను పైపైన గరిటెతో కదిలించి, మళ్లీ నెమ్మదిగా తెరవండి. మామూలు పారదర్శక పైపు 65 డిగ్రీల దగ్గర మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది, ఆహారానికి వాడే సిలికాన్ గొట్టమే కొనండి.

జవాబు 2 (కడప)

పైన చెప్పినదంతా సరే. హీటర్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను: మాల్టు ఉన్న డ్రమ్ములో హీటర్ వద్దు. పంపు తర్వాత విడిగా స్టీలు గొట్టంలో పెట్టి, నీళ్లు దాని మీదుగా వెళ్లేలా చేయండి. పిఐడికి కట్టే సెన్సార్ ఆ గొట్టం బయటికొచ్చే చోట టీ జాయింట్‌లో ఉండాలి, మొన నేరుగా ప్రవాహంలో తగలాలి. మాల్టు పొరలో పెట్టకండి. అక్కడికి వేడి ఆలస్యంగా చేరుతుంది, అంతలో హీటర్ హద్దు దాటేస్తుంది. పొరలో విడిగా ఒక డయల్ థర్మామీటర్ చూసుకోవడానికి ఉంటే చాలు.

లెక్క చూడండి. నిమిషానికి 5 లీటర్లు పోతుంటే 1500 వాట్లు గొట్టంలో నీటిని సుమారు 4 డిగ్రీలు పెంచుతాయి. అదే 1 లీటరే పోతే 21 డిగ్రీలు. 65 నీళ్లు 86 అయి వస్తాయి. మాల్టులో పిండిని చక్కెర చేసే ఎంజైములు రెండు: బీటా ఎమైలేజ్ 70 దాటితే త్వరగా చచ్చిపోతుంది, ఆల్ఫా ఎమైలేజ్ 80 దగ్గర పోతుంది. ఎంజైము పోయాక గంటన్నర కాదు, రాత్రంతా ఉంచినా పిండి చక్కెర కాదు.

అందుకే 1500 వాట్లు చాలు. మీ 26 లీటర్లు, 8 కిలోలు నిమిషానికి 0.6, 0.7 డిగ్రీలు పెరుగుతాయి. ఒకే రకం 3 కిలోవాట్ల హీటర్లు రెండు సిరీస్‌లో కలిపితే మొత్తం 1500 వాట్లే వస్తుంది, తీగ మీద వేడి పలచబడి మాడదు. సాయంత్రం వోల్టేజీ 190కి పడితే ఇది వెయ్యికి దిగుతుంది. ఆ వేళ మొదలుపెట్టకపోవడమే మంచిది.

పంపు ఆగితే హీటర్ కూడా ఆగాలి. ఫ్లో స్విచ్ (నీళ్లు పారుతుంటేనే కలిసే స్విచ్) తెచ్చి హీటర్ కాంటాక్టరు (హీటర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కు సిరీస్‌లో పెట్టండి. ఎర్తింగ్, 30 మిల్లీ యాంపుల ఆర్‌సిసిబి (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) లేకుండా నీళ్లలో హీటర్ వాడొద్దు. ఎస్‌ఎస్‌ఆర్‌కు (పిఐడి చెప్పినట్టు హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ రిలే) హీట్‌సింక్ పెద్దదే వేయండి, ఎండాకాలం మన షెడ్డులో అది చల్లబడదు.

ఆటో ట్యూన్ (పిఐడి తన సెట్టింగులు తానే సరిచూసుకోవడం) మాల్టు లేకుండా, అంతే నీళ్లతో, అదే ప్రవాహంతో చేయండి. అంతకుముందు మీ సెన్సార్ పిటి100 (ప్లాటినం తీగ రకం) అయితే పిఐడిలో అదే రకం పెట్టారో లేదో చూడండి. అక్కడ కె రకం (థర్మోకపుల్) ఉంటే అంకెలు అర్థం లేకుండా వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

మగ్గు నిండడానికి దాదాపు నిమిషం పట్టింది. వాల్వు సన్నగా తెరిచి మొదలుపెడితే 25 సెకన్లకు వచ్చింది, అంతకు మించి పెంచితే సిలికాన్ గొట్టంలో మట్టం పడిపోతోంది. రాగి పిండి మరలో మెత్తగా ఆడించినది. అదేనా కారణం?

జవాబు 1 (కర్నూలు)

అదే. బార్లీకి పొట్టు ఉంది, అది జల్లెడలా పనిచేస్తుంది. రాగికి అలాంటి పొట్టు లేదు, మెత్తటి పిండి సందులన్నీ మూసేస్తుంది. బార్లీని రోలర్ల మధ్య 1.1 మిల్లీమీటర్ల సందు పెట్టి విరవండి: గింజ రవ్వ కావాలి, పొట్టు మాత్రం ముక్కలు కాకూడదు. వడ్ల ఊక 400 గ్రాములు కడిగి కలపండి. తవుడు కాదు, ఊక.

రాగిది ఇంకో సంగతి. దాని పిండి 65 దగ్గర పూర్తిగా ఉడకదు, ఉడకని పిండిని ఎంజైము సరిగా పట్టలేదు. అయోడిన్ నల్లబడటంలో దీని వాటా కూడా ఉంది. 26 లీటర్లలోంచి 8 లీటర్లు తీసి, రాగి 2 కిలోలు, బార్లీ మాల్టులోంచి 200 గ్రాములు వేసి 70 దగ్గర 10 నిమిషాలు ఉంచండి, జావ పలచబడుతుంది. తర్వాత 15 నిమిషాలు కలుపుతూ మరిగించండి. 70కి చల్లారాకే డ్రమ్ములో కొద్దికొద్దిగా పోయండి, మరిగేది పోస్తే ఎంజైము పోతుంది. డ్రమ్ములో బార్లీని 62, 63 దగ్గర పెట్టుకుంటే జావ కలిశాక 65 దగ్గరకొస్తుంది. అక్కడ 45 నిమిషాలు, 71 దగ్గర 20 నిమిషాలు, చివర 76. అయోడిన్ పరీక్షకు చుక్కను తెల్ల పింగాణీ సాసర్ మీద చల్లార్చి చూడండి, ఆ చుక్కను మళ్లీ డ్రమ్ములో పోయకండి.

జవాబు 2 (కడప)

ఏ నీళ్లు వాడుతున్నారు? అనంతపురం బోరు నీళ్లయితే ఆపేయండి. క్షారం ఎక్కువుంటే పిహెచ్ (పులుపు, క్షారం కొలత) 5.2, 5.6 మధ్యకు దిగదు, ఎంజైము మందగిస్తుంది, హీటర్ మీద సున్నం పేరుకుంటుంది. అంతకన్నా ముఖ్యం ఫ్లోరైడ్. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. పాకం కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ కాదు: 25 లీటర్లు 5 లీటర్లకు దిగితే అది ఐదు రెట్లు చిక్కబడుతుంది. పిల్లలు తినే వస్తువుకు ఇది. ఆర్‌వో నీళ్లే పోయండి, పిహెచ్ ఎక్కువుంటే ఆహార గ్రేడు లాక్టిక్ యాసిడ్ రెండు మూడు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మీటరు చూసుకుంటూ దించండి.