‘చిత్తు చిత్తుల బొమ్మ’లో ఆ ‘త్తు’ ఎక్కడిది?

నీటికడవ: సినిమా కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు విడుదల చేసుకునే ఒక చిన్న బృందం కేవలం తంబుర, డప్పు తోడుగా పాడిన బతుకమ్మ పాటలను ఈ మధ్య విన్నాను. పాడిన తీరు మనసుకు హత్తుకున్నది కానీ, ‘చిత్రాల బొమ్మ, శివుని ముద్దుల గుమ్మ’ అన్నచోట పంటికింద రాయి తగిలినట్లయింది. మా మేనత్తలు ‘చిత్తూ చిత్తుల బొమ్మ’ అనే పాడేవారు. ఆపైన ‘బంగారు బొమ్మ దొరికెనమ్మో ఈ వాడలోన’ అన్నంతవరకే నాకు జ్ఞాపకమున్నది. ‘చిత్రాల’ అన్నది అసలు రూపమా, ఎవరైనా చేసిన దిద్దుబాటా? ఇటువంటి, అంతగా ప్రచారానికి నోచుకోని గాయకుల గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

తంగేడువనం: దిద్దుబాటేనని నా నిశ్చితాభిప్రాయం. మొదటి పాదంలోని ‘చి’కి రెండో భాగంలోని ‘శి’తో యతి కుదిరింది, అక్కడివరకు ‘చిత్రాల’ అన్నా ఇబ్బంది లేదు. అయితే ‘చిత్తుల’కు ఎదురుగా ‘ముద్దుల’ నిలిచి ఉన్నది. ద్విత్వం, దానిపై ఉకారం, ఆ తరువాత ‘ల’: రెండు మాటలూ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. చప్పట్లు ఆ ద్విత్వం మీదనే పడతాయి. ఈ పాట కట్టినవారికి అక్షరాల మీద ఎంత పట్టు ఉన్నదో తరువాతి చరణాలు చూస్తే తెలుస్తుంది. రాగిబిందె అయితే రమణి, ఎదురైనవాడు రాములవారు. వెండిబిందె అయితే వెలది, వెంకటేశుడు. ముత్యాలబిందె అయితే ముదిత, ముద్దుకృష్ణుడు. స్త్రీపర్యాయపదాల నిఘంటువును బిందెల్లో నింపి నడిపించినంత నేర్పున్న ఆ తల్లులు మొదటి పాదంలో పొరపడ్డారని నేను అనుకోలేను.

పాతపుటలు: తంగేడువనం గారు శబ్దం గురించి చక్కగా చెప్పారు కానీ అర్థాన్ని వదిలివేశారు. ఇక్కడ ‘చిత్తు’ అంటే చైతన్యం. సత్తు, చిత్తు, ఆనందం అనే వరుసలోని చిత్తు. వెంటనే ‘శివుని ముద్దుల గుమ్మ’ అని రావడం యాదృచ్ఛికం కాదు. లలితా సహస్రనామంలో ‘చిచ్ఛక్తిః చేతనారూపా’ అని స్తుతించిన ఆ తల్లినే మన ఆడవారు పూలలో నిలిపి, చిత్తుల బొమ్మ అన్నారు.

గునుగుపూలు: పాతపుటలు గారి వ్యాఖ్య వినడానికి ఇంపుగా ఉన్నా, చైతన్యమనే అర్థంలో ‘చిత్తుల’ అన్న బహువచనం పొసగదని మనవి. ‘చిత్ర’మే ‘చిత్తు’ అయిందని నేను నమ్ముతున్నాను. ‘చిత్తరువు’లో రకారం నిలిచింది కనుక ఇక్కడా నిలవాలని ఆక్షేపించవచ్చు. ప్రాకృతంలో చిత్రం ‘చిత్త’ అయింది; అంత దూరం పోనక్కరలేదు, రైతుల నోట చిత్రా నక్షత్రపు కార్తె ‘చిత్త కార్తె’గానే ఉన్నది. అక్కడ రకారం ఏమైందో ఇక్కడా అదే అయింది. బతుకమ్మ ఆ కార్తెకు దగ్గరి పండుగ కావడం వల్ల పాటలో కాలసూచన కూడా ఉన్నదేమోనని నా ఊహ.

తంగేడువనం: శబ్దం వరకు ఒప్పుకొంటాను, కాలసూచన మాత్రం కుదరదు. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి పండుగ మొదటిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న పడింది కనుక ఆ ఏడు కుదిరింది. చాలా సంవత్సరాలలో అప్పటికే చివరిరోజైన సద్దుల బతుకమ్మ దాటిపోతుంది, లేదా ముగింపుకు వస్తుంది. అది హస్త కార్తె పండుగ అనడమే సబబు.

పాతపుటలు: బహువచనం గురించి అంత పట్టుదల అవసరం లేదు, పాటలో ‘ల’ వరుస కోసం రావచ్చునని మీ ఇద్దరి వాదన నుండే తేలుతున్నది. శివునితో ముడిపడిన పదాల, అంటే పాటల, సంగతి శైవకవి పాల్కురికి సోమనను అడగాలి. శ్రీశైలయాత్రికుల పాటలను పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో చెబుతూ ఆయన తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని వరుసగా పేర్కొన్నాడు. పేర్లు నిలిచాయి, పాటలు నిలవలేదు. సరసమైన జానుతెనుగునే కోరి, ద్విపదను నెత్తికెత్తుకున్న ఆ మహానుభావుడు వాటిలో ఒక్కొక్క పదమైనా పూర్తిగా రాసి ఉంచితే ఈనాడు మనకు ఎంత ఆధారం దొరికేదో! ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

గునుగుపూలు: సోమన మాట రాగానే ఎవరైనా తలవంచవలసిందే. అయితే అచ్చులో ఉన్నదానితోనే ఈ ‘త్తు’ తేలదు. బిరుదురాజు రామరాజు గారి పరిశోధన 1958లో పుస్తకమై జానపద గేయాలకు పెద్దపీట వేసింది కానీ, ఏ పుస్తకమూ గొంతును వినిపించలేదు. కనుక నీటికడవ గారు అడిగిన రెండో ప్రశ్నకు ఇక్కడే జవాబిస్తాను. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారు బుర్రవీణ మీద పాడే తత్త్వాలు తప్పక వినండి. 2024లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాద్యం పేరు కూడా చాలామందికి తెలియదు. 2022లో అదే గౌరవం పొందిన మొగులయ్య గారి సినిమా పాటతో ఆగకుండా, పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆయన చెప్పే, పేదల వీరుడు పండుగ సాయన్న కథను వినండి. సకిని రామచంద్రయ్య గారు కోయభాషలో పాడిన సమ్మక్క సారలమ్మల కథను అర్థం తెలియకపోయినా వినవచ్చు. మాటను శిష్టరూపానికి మార్చకుండా పాడడం ఎంత నిండుగా ఉంటుందో ఆ గొంతులు చెబుతాయి.

తంగేడువనం: మంచి సూచనలు. అయితే ఇవన్నీ వాద్యమున్న పురుషుల సంప్రదాయాలే. గుంపుగా పాడే ఆడవారి పాటకు వాద్యం లేదు, చప్పట్లే తాళం. ఒకరి పేరు లేదు కనుక బిరుదూ లేదు. నీటికడవ గారూ, మీ మేనత్తల గొంతులను పేర్లతో, ఊరి పేరుతో సహా ఫోనులో రికార్డు చేసి ఇక్కడ పెట్టగలిగితే, నేను అన్నిటికంటె ముందు దానినే వింటాను.

నీటికడవ: ఈ దసరాకు తప్పక చేస్తాను. అందరికీ కృతజ్ఞతలు. ఆ బృందంవారికి కూడా ‘త్తు’ గురించి మర్యాదగా రాశాను. వారి పాట మీద గౌరవం ఏమాత్రం తగ్గలేదు, మీరందరూ కూడా వినాలనే నా కోరిక.

పాతపుటలు: రికార్డు చేసేటప్పుడు ఇంకొకటి గమనించండి. కొందరు ‘చిత్తుల గుమ్మ, ముద్దుల గుమ్మ’ అని రెండుచోట్లా గుమ్మనే పాడతారు. అదే పాత పాఠమైతే, బొమ్మ అన్నది వాడలో దొరికిన ఆ బంగారు బొమ్మకే పరిమితమవుతుంది. అప్పుడు చిత్రం, చిత్తరువు అనే వాదానికి ఆధారమైన బొమ్మే మొదటి పాదంలో ఉండదు. గునుగుపూలు గారు దీనికి ఏమంటారు?