లాంగ్‌ఆర్మ్ మిషన్‌కి ఏ ఫ్రేమ్ తీసుకుందాం? వార్షికోత్సవం బొంత స్టాల్ వాలంటీర్లకి

బొంత టీమ్:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్ మిషన్ దొరికింది కదా అని కాల్‌లో అందరం ఊపిరి పీల్చుకున్నాం గానీ, ఫ్రేమ్ లేకపోతే బొంత పొరలు కలిపి కుట్టే ఈ లాంగ్‌ఆర్మ్ మిషన్ ఉన్నా లేనట్టే. మామూలు మిషన్ మీద గుడ్డని జరుపుతాం, ఇక్కడ గుడ్డ ఫ్రేమ్ మీద బిగిసి ఉంటుంది, మిషనే పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతుంది. నిన్న సాయంత్రం వెళ్లి రెండు ఫ్రేములూ చూసొచ్చాను. ఊరికే ఇస్తామంటున్న 12 అడుగులది వద్దు, డబ్బు పెట్టయినా 10 అడుగులదే తీసుకుందాం అన్నది నా గట్టి అభిప్రాయం.

12 అడుగులది వేరే కంపెనీది. మన మిషన్ కూర్చునే చక్రాల బండి ఆ పట్టాల మీదికి ఎక్కుతుంది, దొర్లుతుంది కూడా, అందుకే పైనుంచి చూస్తే సరిపోయిందనే అనిపిస్తుంది. కిందికి వంగి టార్చి వేసి చూస్తే మన చక్రాలకి మధ్యలో గాడి ఉంది, ఆ పట్టా మాత్రం పైన బల్లపరుపుగా ఉంది, దాంతో చక్రం అంచుల మీదే నిలబడి పక్కలకి ఊగుతోంది. అంతకన్నా పెద్ద సమస్య, చక్రం పక్కనుండే ఎన్‌కోడర్ పట్టాకి తగలట్లేదు, మధ్యలో బియ్యపు గింజంత సందు. స్టిచ్ రెగ్యులేటర్ పనిచేసేదే దాని వల్ల. చేయి ఎంత వేగంగా కదులుతోందో అది చెప్తేనే మోటారు వేగం మార్చుకుని అంగుళానికి 10 కుట్లో 11 కుట్లో ఒకేలా వేస్తుంది. మన స్టాల్‌కి వచ్చేవాళ్లలో చాలామంది జీవితంలో మొదటిసారి హ్యాండిల్ పట్టుకుంటారు, వాళ్లు వేసిన కుట్టు ఒకచోట ముద్దకట్టి ఇంకోచోట అంగుళం పొడుగు సాగితే అది తర్వాత విప్పాల్సింది మనమే. నాకు అలా చేయడం ఇష్టం లేదు, ఎవరి చేత్తో వేసిన కుట్టు బొంతలో వాళ్లదిగానే ఉండిపోవాలి.

10 అడుగులది మన మిషన్ కంపెనీదే. అందులోనూ ఒక లోపం కనిపించింది, దాచను. మిషన్ ఆఫ్ చేసి రెండు వేళ్లతో తోస్తే, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకేచోట అరచేతికి టక్‌మని తగిలింది. ఇరుసు చుట్టూ పాత దారం, నూగు బిగిసి ఉన్నాయి, ట్వీజర్‌తో లాగేశాక పోయింది. నూగు కాకుండా చక్రమే అరిగి చదునైపోయి ఉంటే మాత్రం చక్రం మార్చాల్సిందే.

రవాణా టీమ్:
అక్కా, పెద్దది ఉంటే ముందు ముందు పెద్ద బొంతలకి కూడా పనికొస్తుంది కదా? అయినా 10 అడుగుల ఫ్రేమ్ గొట్టాలు కూడా వ్యాన్‌లో పట్టవు.

బొంత టీమ్:
తమ్ముడూ, గొట్టాలు రెండు ముక్కలు, లోపల జాయింట్‌తో కలుస్తాయి, పట్టాలూ అంతే. విప్పేటప్పుడే ఏ ముక్క ఎటువైపో టేపు అంటించి రాయండి, తారుమారైతే అతుకు దగ్గర ఎత్తుపల్లం వచ్చి మిషన్ అక్కడ ఎగురుతుంది.

ఇక సైజు. మన బొంత 56 బ్లాకులు, అంటే చదరపు ముక్కలు, ఒక్కోటి 12 అంగుళాలు, అడ్డంగా 7, నిలువుగా 8, అంటే 84 × 96 అంగుళాలు. బొంత కింద వేసే గుడ్డ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి కాబట్టి 92 × 104. నిలువు ఎంతున్నా రోలర్‌కి, అంటే ఫ్రేమ్ గొట్టానికి, చుట్టుకుంటుంది, వెడల్పు ఒక్కటే లెక్క. 10 అడుగులంటే 120 అంగుళాలు, రెండు చివర్లా మిషన్ వెడల్పుకి పోయేది తీసేసినా 92 హాయిగా పడుతుంది. 8 అడుగులది అయితే చాలదు.

బ్లాకుల టీమ్:
వదినా, మందపాటి దూది పొర వేద్దామనుకున్నాం, బొంత బొద్దుగా బాగుంటుందని. దానికీ ఫ్రేమ్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

బొంత టీమ్:
ఉంది, మంచి ప్రశ్న అడిగావు. మన మిషన్ గొంతు, అంటే సూది నుంచి వెనక స్తంభం దాకా ఉన్న ఖాళీ, 18 అంగుళాలు. కుట్టడం అయిపోయిన బొంత చుట్టుకునే రోలర్ ఆ ఖాళీలోనే ఉంటుంది. గొట్టం రెండున్నర అంగుళాలే, కానీ బొంత చుట్టుకునే కొద్దీ లావెక్కుతుంది. పావు అంగుళం మందం ఉంటే 96 అంగుళాల బొంత చుట్టేసరికి చుట్ట ఇంచుమించు 6 అంగుళాలవుతుంది. మిగిలేది 12, మిషన్ తగలకుండా కాస్త వదిలితే చివరి వరసలో బ్లాకు మొత్తం ఒకేసారి కుట్టలేం. పొర సగం మందమైతే చుట్ట నాలుగున్నర దగ్గర ఆగుతుంది, 12 అంగుళాల బ్లాకు పట్టేస్తుంది. అందుకని పల్చటి కాటన్ పొరే తెప్పించండి, ప్లీజ్.

12 అడుగులదాంట్లో ఈ రోలర్‌ని పైకి లేపే ఏర్పాటు కూడా లేదు. చుట్ట లావెక్కి మిషన్ బెడ్‌కి, అంటే బొంత కింద ఉండే మిషన్ భాగానికి, ఒరుసుకుంటే బండి బరువుగా కదులుతుంది, గీత వంకర పోతుంది. బొంతకీ బెడ్‌కీ మధ్య వేలు దూరేంత సందు మొదటి నుంచి చివరి దాకా ఉండాలి.

హాల్ టీమ్:
మా నుంచి ఏం కావాలి?

బొంత టీమ్:
14 × 10 అడుగుల చోటు, దగ్గర్లో ప్లగ్ పాయింట్, వైర్ నడిచే దారిలో లేకుండా చూడండి. అక్కడి నేల వాలుగా ఉంటుందని తెలుసు, అందుకే ఎవరి దగ్గరైనా రసమట్టం ఉంటే తప్పకుండా తెండి. మిషన్ వదిలేస్తే తనంతట తాను ఒకవైపు జారితే కాళ్ల కింద మరలు తిప్పి సరిచేయాలి, ఎత్తు కూడా అప్పుడే చూసుకుందాం, సూది దిగే పలక మోచేతి ఎత్తుకి వస్తే ఎవరికీ భుజాలు నొప్పెట్టవు.

గుడ్డ బిగించేటప్పుడు డప్పులా లాగకండి. కింద నుంచి వేలు పెట్టి పైకి తోస్తే పై నుంచి వేలి కొన పట్టుకోగలిగేంత వదులు చాలు.

రవాణా టీమ్:
అర్థమైంది అక్కా, శనివారం పొద్దున వ్యాన్ తెస్తాను. టేపు, మార్కర్ నావే.

బొంత టీమ్:
నేను ఓనర్‌కి ఈ రాత్రే చెప్తాను. గొట్టాలు పట్టుకోవడానికి ఇంకో ఇద్దరు కావాలి, వచ్చేవాళ్లు ఇక్కడే పేరు రాయండి.