25 గొర్రెలు, 8 ఎకరాల ఎర్ర చల్క, కారుతున్న మట్టి మిద్దె: ఎక్కడ మొదలు పెట్టాలె?

పాలమూరు_చల్క:

అన్నలు, అక్కలు అందరికి నమస్తే. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. తాత సంపాదించిన 8 ఎకరాల ఎర్ర చల్క ఉంది, మూడేండ్ల సంది పడావు పడ్డది, అంతకు ముందు కౌలుకు తీసుకున్నోళ్ళు ఏండ్ల తరబడి పత్తి మీద పత్తి పెట్టిన్రు. ఇప్పుడు నేల ఎట్లుందంటే గడ్డపార దిగదు, వాన పడితే నీళ్ళు ఇంకకుండ ఎర్రగ కారుకుంట పోయి కింది దిక్కు ఒర్రె లెక్క కోసేసినయి. వయ్యారిభామ, తంగేడు, అక్కడక్కడ సర్కారు తుమ్మ, అంతే, గడ్డి పెద్దగ లేదు. హైదరాబాద్‌ల పదకొండేండ్లు ఉద్యోగం చేసి ఈ ఉగాదికి వచ్చేసిన, మల్ల పోయే ఆలోచన లేదు.

25 గొర్రెలు కొని వాటితోనే నేలను బాగుచేయాలె అని నా ఆశ. బయటి దేశాలోళ్ళ వీడియోలల్ల చూసిన, పొలాన్ని ముక్కలు ముక్కలు చేసి గొర్రెలను రోజుకో ముక్కల మేపి జరుపుతరు, గడ్డి ఒత్తుగ వస్తది. మన దిక్కు ఇది అయితదా? నెల్లూరు జాతి కొనాల్నా, మన నల్ల గొర్రెలా?

రెండోది ఇల్లు. తాత కట్టిన మట్టి మిద్దె, రాయి మట్టి గోడలు, లోపల సున్నం పూత. రెండు అర్రలల్ల వాన కారుతుంది, గోడలు కింద మూడడుగుల దాక చెమ్మ. మేస్త్రి వచ్చి చూసి పూత మొత్తం గీకేసి సిమెంట్ కొడదాం, పైన కూడ సిమెంట్ పోద్దాం అంటున్నడు. నా దగ్గర పైసలు తక్కువ, టైం ఉంది, చేతులతో చేసుకునే ఓపిక ఉంది. ఇంటి ఎనక గోడకు ఆనిచ్చి రేకులు దించి అక్కడ్నే గొర్రెల కొట్టం పెడితే రాత్రి కావలి కూడ అల్కగ ఉంటది అనుకుంటున్న. తప్పులుంటే చెప్పున్రి, ఇంక ఏం కొనలేదు.

మంద_మెతుకుసీమ:

తమ్ముడు, కొనక ముందే అడిగినవ్, మంచి పని చేసినవ్. మాది మెదక్ దిక్కు, కురుమోళ్ళం, మా నాయిన 70 ఏండ్లకు కూడ మంద ఎనక నడిచిండు. నువ్వు వీడియోల చూసింది మనకు కొత్తది కాదు. మందను రైతు చేన్ల రాత్రిపూట పండబెట్టుడు మా తాతల కాలం నుంచి ఉన్నదే, ఎన్ని రాత్రులు పండబెడితే అన్ని వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేటోళ్ళు, ఇప్పుడు పైసలిస్తున్నరు. మంద పండిన చెల్క పంట మూడేండ్ల దాక గుర్తుపట్టొచ్చు, ఆ జాగ అంత నల్లగ నవనవలాడుతది. పేడ ఒక్కటే ఎత్తి చల్లితే ఆ బలం రాదు, గొర్రె ఉచ్చ నేరుగ నేలల పడాలె, గిట్టలతోని పైపొర విరగాలె.

అందుకే నీకు ముందుగాల కావాల్సింది కొట్టం కాదు, తడికెలు. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు వెదురు తడికెలు పన్నెండు అల్లుకో, మూలలకు తాడు కట్టుకుంటే 18 అడుగులకు 18 అడుగుల దొడ్డి అయితది, అంటే 324 చదరపు అడుగులు, 25 గొర్రెలకు సరిపోతది. రోజు పొద్దుగూకంగ ఆ దొడ్డిని పక్కకు జరుపుడే. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు కదా, లెక్క చేస్తే 134 రాత్రులకు ఎకరం నిండుతది. ఒక్కో గొర్రె రాత్రికి అరకిలో పెంటికలు ఏసినా 134 రాత్రులకు టన్నున్నర పైనే, ఉచ్చ అది కాక. 8 ఎకరాలు ఒక్క ఏడు కాదు అని దీంతోనే అర్థమైతుంది, మూడేండ్లు పడతది, ఆగాలె. మొదలు ఆ ఒర్రె కోసిన కింది దిక్కే పండబెట్టు. తొలకరి పడంగనే మంద పండిన జాగల ఉలవలు, జొన్న, స్టైలో అనే మేత మొక్క గింజలు చల్లు. స్టైలో గింజ తోలు గట్టిది, వేడి నీళ్ళల్ల కాసేపు వేసి తీస్తె మంచిగ మొలుస్తది, చల్కకు దాన్ని మించింది నేను చూడలే.

జాతి విషయం. నెల్లూరు గొర్రె ఎత్తు పెరుగుతది, పొట్టేలుకు అంగట్ల పైసలు ఎక్కువ, అందుకే మా దిక్కు కూడ నల్లయి తగ్గిపోయి అందరు అవ్వే పట్టుకున్నరు. కాని నీది ఒట్టి చల్క, మేత తక్కువ. దక్కని గొర్రె, అంటే మన నల్లదే, తక్కువ మేతకు ఓర్చుకుంటది, వానకు, నడకకు ఓర్చుకుంటది. నన్నడిగితే నల్ల ఆడగొర్రెలు కొను. ఒక పొట్టేలు 25కు చాలు, రెండేండ్లకు దాన్ని మార్చు, లేకుంటే దాని బిడ్డలను అదే దాటుతది, పిల్లలు బలం తప్పుతయి. ఏడాదికి రెండు సార్లు ఉన్ని కత్తిరించాలె, ఇప్పుడు ఆ ఉన్నికి కత్తిరించిన కూలి కూడ ఎల్తలేదు, మా నాయిన అయితే దాంతోని గొంగడి నేయించేటోడు. పారేయకు. మొక్కల మొదట్ల మందంగ పరిచి పైన మట్టి ఎయ్యి, చెమ్మ నిలబెట్టి మెల్లగ కుళ్ళి ఎరువైతది. నేను చింత మొక్కలకు అట్లనే ఏసిన, ఎండకాలం నీళ్ళు సగం సరిపోయినయి.

న్యూజిలాండ్_గడ్డి:

పైన అన్న చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు న్యూజిలాండ్‌లో ఉంటున్నాను, ఇక్కడ గొర్రెల ఫారంలో ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. వీడియోల్లో చూసే ఆ పద్ధతి నిజమే, బాగా పని చేస్తుంది, కానీ ఇక్కడ వాన ఏడాది పొడుగునా పడుతూనే ఉంటుంది. గడ్డి మొక్కకి రెండు మూడు ఆకులు వచ్చాయా లేదా అని చూసి మందని లోపలికి వదులుతాం, క్యాలెండర్ చూసి కాదు. మీకు గడ్డి పెరిగేది జూన్ నుంచి అక్టోబరు, మహా అయితే నవంబరు. ఆ నెలల్లో ఒక్కో ముక్కలో మూడు నాలుగు రోజులు మించకుండా, సగం తినేలోపే జరిపేసి, మళ్ళీ అక్కడికి 40 నుంచి 60 రోజుల తర్వాత వెళ్ళండి. జనవరి తర్వాత మాత్రం ఎంత తిప్పినా కొత్త గడ్డి రాదు, ఎండిన గడ్డిని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకోవడమే. కాబట్టి రెండు ముక్కలు వానాకాలంలో అసలు ముట్టుకోకుండా ఎండాకాలానికి అట్టిపెట్టండి. పొట్టేలు పిల్లల్ని సంక్రాంతి లోపే అమ్మేస్తే నోళ్ళు తగ్గుతాయి. నేలని పాడు చేసేది గొర్రె కాదండీ, విశ్రాంతి లేకుండా అదే చోట మళ్ళీ మళ్ళీ కొరకడం.

రిటైర్డ్_కాంపౌండర్:

నాయనా, ప్రకాశం జిల్లాలో 31 ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో చేశాను, ఇప్పుడు నాకూ 14 గొర్రెలు ఉన్నాయి. మేత గురించి అందరూ చెప్తారు, రోగం గురించి కొన్న తర్వాత అడుగుతారు, అప్పటికి ఆలస్యం అవుతుంది.

సంతలో కలగాపులగంగా కొనవద్దు. ఒకే మందలో కొను, తెచ్చాక నీ దగ్గర ముందే ఏవైనా ఉంటే మూడు వారాలు వేరుగా పెట్టు. చిటుకు రోగం టీకా మే నెలలో, తొలకరి గడ్డి రాకముందే పడాలి, మొదటిసారి వేయించే వాటికి రెండు మూడు వారాలకి మళ్ళీ ఒకసారి. ఈ రోగం కొత్త చిగురు ఆబగా మేసిన బలమైన పిల్లల్నే పట్టుకుంటుంది, సాయంత్రం గెంతుకుంటూ ఉన్నది తెల్లారేసరికి కాళ్ళు చాచి ఉంటుంది, మందు వేసే టైము కూడా ఇవ్వదు. నా సొంత మందలోనే ఒక ఏడు టీకా పది రోజులు ఆలస్యం చేశాను, నాలుగు పిల్లలు పోయాయి, ఇప్పటికీ ఆ పొద్దు గుర్తొస్తే మనసు బాగుండదు. పీపీఆర్, అంటే పారుడు రోగం, దాని టీకా ఒకసారి వేయిస్తే మూడేళ్ళు కాస్తుంది. బొబ్బ రోగానికి ఏడాదికోసారి. వానలు ముదిరాక దోమల వంటి చిన్న పురుగులతో మూతి వాపు, నాలుక నీలిబారడం వస్తుంది, దానికీ టీకా ఉంది, వానలకి ముందే అడుగు. మీ మండలం ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి పేరు రాయించుకో, అర్జెంటు అయితే 1962కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన ముక్కలు ముక్కల మేతకి రోగానికి సంబంధం చెప్తాను, ఇది ముఖ్యం. కడుపులో రక్తం తాగే జలగల్లాంటి సన్నటి పురుగులు ఉంటాయి, వాటి గుడ్లు పెంటికల్లో పడి, వెచ్చగా తడిగా ఉంటే వారం లోపే పిల్లలై గడ్డి పరక ఎక్కి కూర్చుంటాయి. అందుకే ఒక చోట నాలుగు రోజులు దాటితే తమ పురుగుల్ని తామే మళ్ళీ తింటాయి. మంచు ఆరకుండా పొద్దున్నే తోలవద్దు, ఎండ పడ్డాక వదులు, గడ్డి నేల మట్టానికి కొరకనివ్వద్దు, పురుగంతా ఆ కింది రెండు అంగుళాల్లోనే ఎక్కువ. పదిహేను రోజులకోసారి కింది కనురెప్ప తిప్పి చూడు. ఎర్రగా ఉంటే వదిలేయి, తెల్లబారితే ఆ ఒక్కదానికే నట్టల మందు తాపించు, దవడ కింద నీరు దిగితే అసలు ఆగకు. నెలనెలా మందు మొత్తానికి పోసేవాళ్ళ మందల్లో ఇప్పుడు మందు పని చేయడం మానేసింది.

ఇంకోటి, జొన్న చల్లమన్నారు కదా, మోకాలెత్తు లోపు ఉన్నప్పుడు, వాన ఎగ్గొట్టి పైరు వాడినప్పుడు దాంట్లోకి తోలితే విషం, నిమిషాల్లో పడిపోతాయి. పూతకి వచ్చాక మేపు.

మిద్దె_ఇంటి_అక్క:

గొర్రెల సంగతి పెద్దోళ్ళు చెప్పినారు, నేను ఇంటి సంగతి చెప్తా తమ్ముడూ. మాది కర్నూలు పక్క, మా అత్తగారి మట్టి మిద్దె నేను, మా ఆయన రెండేండ్లు కష్టపడి నిలబెట్టుకున్నాం, కూలి మనుషులని పెట్టింది దూలం మార్చిన వారం మాత్రమే.

ఫస్ట్ ఆ ఎనక గోడకి కొట్టం ఆనిచ్చే ఆలోచన మానెయ్. ఆ ఉచ్చలో ఉప్పు గోడలోకి ఎక్కుతాది, మట్టి గోడ స్పంజి మాదిరి పీల్చుకుంటాది, రెండేండ్లకి లోపల పక్క తెల్లగా ఉప్పు పూసి పొడి పొడిగా రాలిపోతాది. మా ఇంట్లో ఎద్దుల గాడి ఉన్న గోడ అట్లనే సగం తినేసింది. కొట్టం ఇంటికి ముప్పై అడుగుల దూరంలో, ఇంటికంటే పల్లంలో పెట్టుకో.

చెమ్మ ఉండే గోడకి సిమెంట్ కొట్టొద్దు, ఎవరు చెప్పినా సరే. మట్టి గోడ తడిని తాగి మళ్ళీ గాలికి వదిలేస్తాది, సిమెంట్ కొడితే బయటికి పోయే దారి మూసుకుపోయి తడి ఇంకా పైకి ఎక్కుతాది, నాలుగేండ్లకి సిమెంటు పలకలు పలకలుగా ఊడి దాంతోపాటు మట్టిని కూడా పీక్కొస్తాది. ముందు గోడ చుట్టూ నేల చూడు, మా ఇంటికి యాభై ఏండ్లలో వాకిలి మట్టి అడుగున్నర పెరిగి గోడ మొదలు పూడిపోయి ఉండె. అది తవ్వి తీసి, వాలు బయటికి పెట్టి, చూరు నీళ్ళు పడే చోట బండలు పరిచినాం, అంతే, ఒక ఎండాకాలానికి సగం చెమ్మ దానంతట అదే పోయింది, పైసా ఖర్చు లేదు.

మిద్దె పైన ఏం చేయాలంటే, కారినప్పుడల్లా పెద్దోళ్ళు పైన ఇంకో గంప మట్టి పోస్తా వచ్చింటారు, ఆ బరువుకే దూలాలు వంగుతాయి. దాని మీద సిమెంట్ కూడా పోస్తే ఆ బరువు నువ్వే ఊహించుకో. లోపల నుంచి ఊతకర్రలు పెట్టి పాత మట్టి తీసెయ్, దూలాల కొనలు గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మెత్తగా దిగితే చెదలు తిన్నట్టు, చెదలు ఎక్కువగా అక్కడే మొదలు పెడతాయి. కొత్త కొయ్యకి జీడి తొక్క నూనె పూసుకో, గ్లౌజులు వేసుకో, చర్మం కాలి పొక్కులొస్తాయి. పైన మామూలు మట్టి గట్టిగా దిమ్మిస కొట్టి, చివరి పొర చౌడు మట్టి పోయాల. చౌడుకి ఉప్పు ఉండాది కాబట్టి గడ్డి మొలవదు, తడిస్తే బిగుసుకుంటాది. తూము వైపు వాలు సరిగా పెట్టు, తూము గోడకి అడుగున్నర బయటికి రావాల.

సున్నం పని నువ్వే చేసుకోవచ్చు. కాల్చిన సున్నపు రాళ్ళు తెచ్చి గుంతలో నీళ్ళలో వెయ్, సలసల కాగుతాది, కళ్ళకి అద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని అసలు రానీయొద్దు. అట్ల నీళ్ళ కిందనే నెల రోజులు నాననిస్తే వెన్న మాదిరి అవుతాది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు జల్లెడ పట్టిన ఇసుక, కరక్కాయ బెల్లం నానబెట్టిన నీళ్ళు. గోడని ముందు బాగా తడిపి పలచగా రెండు మూడు పూతలు, ఒకటి గట్టిపడినాక ఇంకోటి. తడి గోనెపట్టలు రెండు వారాలు వేలాడదీయి, ఎండకి తొందరగా ఆరితే పగుళ్ళే. సున్నం ఆరడం వల్ల కాదు, గాలి పీల్చుకుని రాయి అవుతాది, అందుకే నిదానం. మొదటి గోడ నేను మూడు సార్లు గీకి మళ్ళీ పూసినా, మూడో సారికి చెయ్యి పట్టుబడింది.

పాలమూరు_చల్క:

అందరికి చేతులెత్తి దండం. ఇంత ఓపికగ చెప్తరని అనుకోలే. అక్కా, మా వాకిలి కూడ అట్లనే పెరిగింది, ఇయ్యాల పొద్దున తవ్వి చూస్తె మూడు వరుసల రాయి మట్టి కింద ఉంది, రేపటి నుంచి అదే పని. రెండు చిన్న అడుగుడులు ఉన్నయి. ఊర్ల కుక్కలు ఎక్కువ, రాత్రి తడికెలు ఆపుతయా, లేక కరెంటు తీగ పెట్టాల్నా? సర్కారు తుమ్మ కాయలు కింద రాలి ఉన్నయి, గొర్రెలకు బలం అంటున్నరు, మేపొచ్చా?

మంద_మెతుకుసీమ:

తమ్ముడు, కరెంటు లైన్ తీగకు తగిలియ్యకు, ఎంత మంది అట్ల సచ్చిపోయిన్రు, మనిషి పాణం పోతే దానికి లెక్క లేదు. సోలార్‌తోని నడిచే ఝట్కా మిషన్ వేరు, అది కొట్టి వదిలేస్తది, పైసలున్నప్పుడు అది తెచ్చుకో. అప్పటిదాక తడికె కింది అంచుకు చుట్టూ రేగు కంప గుచ్చు, కుక్క కిందికెల్లి తవ్వి దూరుతది, పైనుంచి దూకేది తక్కువ. రెండు కుక్కపిల్లలను గొర్రె పిల్లలతోనే పెంచు, ఏడాదికి అవ్వే కాస్తయి. గొర్రె పిల్లలను గంప కింద కమ్మి దొడ్డి నడుమ పెట్టాలె, అంచుకు కాదు. మొదటి నెల నువ్వు కూడ మంచం అక్కడ్నే ఏసుకో.

సర్కారు తుమ్మ కాయ బలమే, కాని గింజ అరగదు, పెంటికల్ల పడి నీ చెల్క నిండ అదే మొలుస్తది. ఏరి దంచి పెట్టు, లేకుంటే మందను దాని కిందికి పోనియ్యకు. నల్ల తుమ్మ కాయ, రేగు ఆకు, జమ్మి ఆకు మేపు. చెట్లు లేకుంటే ఈ వానకే గట్ల మీద అవిశ, సుబాబుల్ పెట్టు, సుబాబుల్ మాత్రం మేతల మూడో వంతు దాటొద్దు, ఉన్ని రాలుతది.

గొర్రెలు కొనేది ఇప్పుడు కాదు. తడికెలు అల్లు, గింజలు తెచ్చుకో, వానలు పడి గడ్డి జానెడు లేచినంక శ్రావణంల కొందువు. మా ఊరి దిక్కు రా, మూడు మందలు చూపిస్త, చూలు గొర్రె ఏదో వట్టిది ఏదో పట్టుకొని చూసుడు నేర్పిస్త.