అమ్మానాన్నల అమెరికా ప్రయాణానికి ఇన్సూరెన్స్: ఇక్కడ తీసుకోవాలా, అక్కడా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మకు 66, నాన్నకు 71. డాలస్‌లో ఉన్న చెల్లి పురుడికని ఆరు నెలలకు వెళ్తున్నారు. నాన్నకు షుగర్, బీపీ, నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. టెన్షనంతా ఆయన గురించే.

నాన్నేమో మాత్రలన్నీ పాత వక్కపొడి డబ్బాలో సర్దేసుకుని, "ఆయుష్మాన్ కార్డు ఉంది కదరా" అంటున్నారు. అది దేశం దాటితే పనికిరాదని చెప్పినా వినరు! యూరప్ షెంగెన్ వీసాకైతే 30,000 యూరోల కవరేజీ తప్పనిసరి. అమెరికా విజిటర్ వీసాకు ఆ షరతు లేదు, అందుకే ఈయనకు అలుసు.

ఇక్కడి ఏజెంటు చూపించిన పాలసీలో పాత జబ్బులకు ప్రాణాపాయం ఉంటేనే ఇస్తారట, అదీ కొంత మొత్తం వరకే. చెల్లి చూసిన అమెరికా ప్లాన్‌లో "అక్యూట్ ఆన్‌సెట్" అని ఉంది, అంటే పాత జబ్బు ఉన్నట్టుండి ఒక్కసారిగా ముదిరితే ఇచ్చే కవరేజీ అట. స్టెంట్ ఉన్నవాళ్లకు నిజంగా క్లెయిమ్ వచ్చిందా? ఎవరికైనా అనుభవం ఉందా? డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టుకోవాల్సిన మొత్తం) 250 డాలర్లా, 1,000 డాలర్లా, ఏది నయం? స్టెంట్ సంగతి ఫారంలో రాయొద్దని ఏజెంటు గుసగుసగా చెప్పాడు. నాకది అస్సలు నచ్చలేదు. రేపు క్లెయిమ్ కొట్టేస్తే ఆ బిల్లు కట్టేది మేమే కదా. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, వచ్చే నెలే ప్రయాణం.