అప్‌డేట్: తక్కువ అద్దెకిస్తే ఆస్తిపన్ను తగ్గుతుందా? (బెంగళూరు)

మారతహళ్ళిలో మా కింది వాటా గార్మెంట్స్‌లో పనిచేసే కుటుంబానికి బయటి రేటుకంటే బాగా తక్కువకిచ్చాం, పన్నులో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను కదా. తగ్గించరట. రెవెన్యూ ఆఫీసులో కేస్‌వర్కర్ పాత రసీదు తిరగేసి చూపించారు. 2008 నుంచి ఉన్న పద్ధతిలో జోను, చదరపు అడుగులు, కట్టడం రకం, దాని వయసు, వాడకం, ఇవే లెక్క. మనం తీసుకునే అద్దెకి అందులో గడే లేదు. "ఆరువేలు తీసుకోండి, పదహారువేలు తీసుకోండి, మాకొకటే సార్" అన్నారాయన.

పైగా సొంతానికి వాడుకునే వాటాకంటే అద్దె వాటాకి రేటు రెట్టింపు! మొత్తం సొంత వాడకమని రాసేయమని గేటు దగ్గర ఏజెంటు ఉచిత సలహా. (రేపు నోటీసొస్తే ఆయన కడతాడా?) పైది సొంతం, కిందిది అద్దె అని విడివిడిగానే చూపించా. ఏప్రిల్‌లో ఏడాదిది ఒకేసారి కట్టినందుకు 5 శాతం రిబేటు, దక్కింది అంతే.

న్యూయార్క్‌లో తక్కువ అద్దెకిస్తే పన్ను తగ్గిస్తారు కదా అని రాసినవారికి: అక్కడ కొత్త అపార్ట్‌మెంట్లకి ఆస్తిపన్ను తగ్గించే 421-ఏ అనే మినహాయింపు కొత్త ప్రాజెక్టులకి 2022లో ఆగి, 2024లో దాని బదులు 485-ఎక్స్ అనేది వచ్చింది. అదీ బిల్డర్లు కొన్ని ఫ్లాట్లు తక్కువ అద్దెకి కేటాయిస్తేనే.

అద్దె మాత్రం ఈ ఏడాది పెంచట్లేదు. మా ఆవిడా సరేనంది.